ఫోటోలో అక్క ఎటు చూస్తోంది

సేవాసంస్థ ఆఫీసులో తమ్ముడు గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు. అతను కొత్తగా మార్చిన సంస్థ వెబ్‌సైట్‌ను, చూపు లేని అక్క తొలిసారి కంప్యూటర్ చేత చదివించుకుంటోంది.

“ఒరేయ్, బటన్లన్నీ వాటి పేర్లు చెబుతున్నాయిరా! ఇదివరకు ‘బటన్, బటన్’ అంటూ నా ప్రాణం తీసేది.”

“ఫోటోలు కూడా మాట్లాడతాయక్కా! కిందికి వెళ్లు.”

“ఆగాగు! ‘వార్షికోత్సవం ఫోటో. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. మా అక్క మాత్రం పక్కకి తిరిగి నవ్వుతోంది.’ నేనా? ఇన్నేళ్లుగా ఈ గోడకి వేలాడుతున్న ఫోటోయేనా?”

తమ్ముడు నాలిక్కరుచుకున్నాడు. రాసే హుషారులో ఉన్నది ఉన్నట్టు రాసేశాడు.

“అదేనక్కా. నొచ్చుకుంటావని ఎవరమూ చెప్పలేదు. ఆ వాక్యం తీసేయమంటావా?”

అక్క పకపకా నవ్వింది.

“తీశావంటే ఊరుకోను! సరిగ్గా ఫోటో తీసేటప్పుడు పక్కనుంచి ‘అక్కా, ఆగండాగండి’ అని గావుకేక పెట్టిందెవర్రా?”

“నేనే. ఆలస్యంగా వచ్చా కదా, నన్ను వదిలేసి తీసేస్తారేమోనని…”

“మరి సగమే రాసి ఊరుకున్నావేం? అక్క ఎటు చూస్తోందో కూడా రాయి. తమ్ముడి వైపు.”