గువ్వల బావి పాచి

ఊరి బయట గువ్వల బావి ఉందే, ఆ పక్కకి మేకలు కూడా పోవు, గమనించారా ఎప్పుడైనా? గువ్వలెప్పుడో లేచిపోయాయి, పేరొకటి మిగిలింది. ఎవరూ ఎందుకు పోరంటే చెప్తా, కాస్త దగ్గరికి జరగండి.

ఓబులేసని రాళ్ళు కొట్టేవాడు ఉండేవాడు, వాడి పెళ్ళాం లింగమ్మ. ఒకసారి బండ దొర్లి వాడి పిక్క చితికింది, పుండు పడింది, ఎన్ని పసర్లు కట్టినా మానలేదు. వాడు మూలుగుతుంటే లింగమ్మ చెవులు మూసుకుని ఏడ్చేది. అట్లాంటివాడు ఒకరోజు కుంటుకుంటూ పోయి ఆ బావి మెట్ల మీద, కాలు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాడంట, కూర్చుంటే నొప్పి మాయమైందంట. ఇంటికొచ్చి చూస్తే పుండు మీద పచ్చగా పాచి. గోకినా రాలేదు. లింగమ్మేం చేసింది? దేవుడే పంపాడనుకుని, అది ఎండిపోకూడదని రోజూ ఆ బావి నీళ్ళే కడవతో తెచ్చి తన చేత్తో పోసింది. పాపం, ఎవరైనా అదే చేస్తారు కదా?

పుండు మానింది. వట్టి మానడం కాదు, ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు, ఊరంతా ముక్కున వేలేసుకుంది. కానీ ఆ పాచి తొడకెక్కింది, నడుముకెక్కింది, పైకి మామూలు చర్మంలాగే కనపడేది గానీ ముట్టుకుంటే తడి, చలవ. కారం సయించలేదు, సంగటి సయించలేదు, నీళ్ళు తాగి ఎండలో కూర్చునేవాడు. కన్నతల్లి పేరు అడిగితే ఆలోచించేవాడు. అంతకుముందు ఉప్పు తక్కువైతే ముద్ద విసిరికొట్టే మనిషి, ఇప్పుడు పల్లెత్తు మాట అనడు. దానికి సంతోషపడాలి కదా? లింగమ్మకి మాత్రం ఆ తిట్లు గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

ఒక మధ్యాహ్నం అడిగేసింది, "నిజం చెప్పు. నువ్వు నా మొగుడివేనా?"

వాడు, "ఆయన నొప్పి ఓర్చుకోలేకపోయాడు లింగమ్మా. కొంచెం కొంచెంగా నాకు ఇచ్చేశాడు. నేను నిన్ను బాగానే చూసుకుంటున్నా కదా?" అన్నాడంట.

అందులో అబద్ధమేం లేదు. అయినా ఆమె ఇంట్లో నీళ్ళన్నీ పారబోసి, వాణ్ణి లోపలే ఉంచి గొళ్ళెం పెట్టి, అరుగు మీద కూర్చుంది. ఎండిపోతే పాచి రాలిపోతుంది, నా మనిషి నాకు మిగుల్తాడని ఆశ. లోపల్నుంచి ఆ పాచి నీళ్ళకోసం బతిమాలింది. అంత బలమున్నది తలుపు విరగ్గొట్టొచ్చు, కొట్టలేదు. చివరికి గొంతు మారింది. "దప్పికగా ఉందే, బుడ్డీ."

బుడ్డీ అని ఆమెని పిలిచేది ఒక్క ఓబులేసే, అదీ నలుగురిలో కాదు. గొళ్ళెం పీకేసి, కడవ పట్టుకుని బావికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి మంచం మీద చొక్కా, దాన్నిండా ఎండు పాచి. ఎముక ముక్క కూడా లేదు.

ఆ పాచిని కొంగులో మూటకట్టి తీసుకుపోయి బావిలోనే వదిలింది. ముసలిదయ్యేదాకా ఆ మెట్ల మీదికి పోయి కూర్చునేది. "మొదట్లోనే నీళ్ళు పోయకున్నా బాగుండు, చివరిదాకా పోసినా బాగుండు" అనేది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

అందుకని, కాలికి దెబ్బ తగిలితే ఆస్పత్రికి పోండి. అక్కడ సూది నొప్పి పెడుతుంది, పెట్టనీండి. బావి వైపు మాత్రం పోవద్దు. ఇప్పుడు నీళ్ళు మళ్ళీ పచ్చగానే ఉన్నాయి.