ఎదురుకాళ్ల లింబాద్రి అడిగిన మూడు మాటలు

ఏందిరా ఓంకారూ, నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతోని పుట్టినోడే తన్నాల్నా, డాక్టరు పనికిరాడా? పండు, పండు, లేవకు. ఒమాన్ల ఈ మబేలాల గసోంటోడు ఒక్కడే ఉండె, మా లింబాద్రి. పోయి పదిహేనేండ్లాయె. సెంట్రింగ్ పని. శుక్రారం తానం చేసి, కాళ్లు కడుక్కొని, గీ రూమ్‌లనే కూసునేటోడు. గడప దాంక లైను! బోర్లా పండుకుంటే కాలితోని మూడుసార్లు తాకేటోడు. తన్నుడు కాదురా, తాకుడే. ఏసీ హోరుమంటుండె, కిటికీలకెళ్లి ఉప్పుగాలి, నడుం మీద ఆ పాదం... నిద్రల మా అవ్వ దుప్పటి కప్పినట్టుండె. లేచి ఎనకకు చూడకుండ పోవాలె. ఓసారి తలుపు దాటినంక ఊర్లె ఉన్ననా, ఒమాన్ల ఉన్ననా అన్నదే మరిచిన. ఏం చెప్తున్న? ఆఁ, మల్లేశం ముచ్చట.

మల్లేశమని మా తోటి పనోడు, సైట్ల పరంజ మీదికెళ్లి పడ్డడు. చెప్తే ఇంటికి పంపిస్తరని దాసిపెట్టి లైన్ల పండుకున్నడు. లింబాద్రి కాలు పెట్టిండు. పొద్దుగూకేసరికి మల్లేశం కాలు మొద్దుబారె. పడ్డందుకో, తాకినందుకో, దేవునికెరుక. భుజాన ఏసుకొని దవాఖానకు ఉరికిండు లింబాద్రి. "ఎవరు ముట్టిన్రు?" అన్నడు డాక్టరు. "నేనే సార్." డాక్టరు తిట్టలే. "ముట్టేముందు ఏమడిగినవ్? ఎన్నుపూస దెబ్బను భుజానేసుకొస్తరా, చెక్క మీద పండవెట్టి తేవాలె గాని" అన్నడు. మల్లేశం కట్టె పట్టుకొనే ఊరికి పోయిండు.

ఆనాటి సంది ఎవరొచ్చినా ముందుగాల, డాక్టరు నేర్పిన మూడు మాటలడిగేటోడు లింబాద్రి. "కింద పడ్డవా? కాలు తిమ్మిరెక్కుతుందా? ఒంటికి సక్కగ పోతున్నవా?" ఏదన్న తేడా కొడితే రెండు కాళ్లు మంచం కిందికి గుంజుకునేటోడు. "నా కాలు గీడిదాంకనే బావా. ఆపైన దవాఖాన."

నిరుడు నా మెడ పట్టేస్తే గీ పక్క సీబ్‌ల ఒకాయన కాడికి పోయిన. చేతులతోని ఎన్నుపూసలు సరిచేసే డాక్టరు, కైరోప్రాక్టర్ అంటరట. గోడకు సర్కారు లైసెన్సు. ముందుగాల ముట్టలే, అవే మూడు మాటలడిగిండు! తేడా ఉంటే చీటీ రాసి పెద్ద దవాఖానకు పంపిస్తడట. నేను వంగి, బల్ల కింద ఆయన పాదాలు చూసిన. "క్యా ఢూంఢ్ రహే, దేవయ్య చాచా?" అన్నడు, ఏం దేవులాడుతున్నవని. మా లింబాద్రే తెల్లకోటేసుకొని వచ్చిండనిపించె.

నవ్వకు. నువ్వు చెప్పు. మొన్న నిచ్చెన మీదికెళ్లి జారినవట. కాలు తిమ్మిరుందా? ... ఉన్నదా! ఒంటికి పోయి ఎంతసేపాయె? ... పొద్దటి సంది పోలేదా! డ్రైవర్ సాబ్, కమ్రాన్ భాయ్, గాడీ నికాలో, జల్దీ! రూమోళ్లు మీరేం చూస్తున్నరు, బయట ప్లైవుడ్ షీటుంది, తేండ్రి. ఓంకారూ, కదలకు. నలుగురు నాలుగు దిక్కుల పట్టుండ్రి!