చివరి పేజీలో రాసిన పేర్లు

సంఘ పెద్దలారా, సహోదరీ సహోదరులారా, తెల్ల చేతితొడుగులు వేసుకుని, వచ్చినవాళ్ళకి చోటు చూపిస్తూ గోడ వెంట నిలబడ్డ అక్కలారా, మీకు వందనాలు. ఇవాళ మన చర్చిలో కుర్చీలు చాలలేదు. భోజనాల హాల్లోంచి బల్లలు కూడా తెచ్చి వేశాం. వెర్లీన్ టాలివర్ బతికుండగా పిలిచిన ఏ కూటానికీ మనం ఇంతమందిమి రాలేదు. చనిపోయాక వచ్చాం.

నన్ను మీరు ఎరుగుదురు. ఈ సంఘానికి పరిచారకుణ్ణి, డీకన్ హోసియా ప్రూయిట్‌ని. లారీల బ్రేకులు బాగుచేసే చేతులివి. బడి నాకు నాలుగో తరగతితో సరి. లేఖనం ముందు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని, నాకు నేనే చదువు నేర్చుకున్నాను. మిమ్మల్ని ఓదార్చడానికి వేరేవాళ్ళున్నారు. నేను అందుకు లేవలేదు.

వెర్లీన్ ఎవరు? ముప్పై ఒక్క ఏళ్ళు ఈ అలబామా మట్టిరోడ్ల మీద స్కూలు బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక తన పుస్తకాలన్నీ, మన నల్లవాళ్ళు రాసినవీ మన గురించి రాసినవీ, మిల్లు వీధి లైబ్రరీకి ఇచ్చేసింది. అక్కడి వెనక గదిలో శనివారం కూటం పెట్టింది. ఆ కూటానికి ఒక కట్టుబాటు. పుస్తకం చదివి ముగించినవాళ్ళు తమ ఇంట్లో పోయినవాళ్ళలో ఒకరి కథ చెప్పాలి. చెప్పి, ఆ పేరు పుస్తకం చివరి పేజీలో రాయాలి. పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ మనం ఇంట్లో దేవుని గ్రంథంలో రాసుకోమూ? అలాగే. మా నాన్న పేరు ఆ గదిలో ఉండేది. రంపపు మిల్లులో చెయ్యి పోగొట్టుకున్నవాడు, ఏ సమాధి రాతి మీదా పేరు లేనివాడు, సైలస్ ప్రూయిట్. అక్కడ ఉండేవాడు.

నేను అంత తేలిగ్గా వెళ్ళలేదు లెండి. గుడి మెట్ల మీద నిలబడి, "మనిషికి ఒక్క గ్రంథం చాలు వెర్లీన్, మిగతాదంతా చెత్త" అన్నాను, పదిమంది వినేలా. ఆవిడ చేతిసంచి భుజాన సర్దుకుని, "ఆ ఒక్కదాన్నైనా చివరిదాకా చదివారా డీకన్ గారూ? చెరలో ఉన్న అపొస్తలుడు చలికి కప్పుకునేది తెమ్మన్నప్పుడు పుస్తకాలు కూడా తెమ్మన్నాడు కదా. మరి ఆయన్నీ తిట్టండి" అంది. పదిమందీ నవ్వారు. అందరికంటే ముందు మా ఆవిడే. ఆ శనివారమే వెళ్ళాను.

ఏటా ఫిబ్రవరి వస్తే స్కూలువాళ్ళకి వెర్లీన్ గుర్తొచ్చేది. నల్లవాళ్ళ చరిత్ర నెల కదా! ఒక కథ, ఒక ఫొటో, కాగితం పళ్ళెంలో రెండు బిస్కెట్లు. ఒక ఏడు ఆవిడ కావాలనే మార్చి రెండో తారీఖున వెళ్ళింది. నెల అయిపోయిందమ్మా అన్నారట. "నెల అయిపోయింది, నేను అయిపోలేదు. మార్చిలోనూ నల్లదాన్నే" అని లోపలికి నడిచి, మధ్యాహ్నం గంట కొట్టేదాకా రెండో తరగతి పిల్లలకి కథలు చెప్పింది.

అలాంటి మనిషిని ఏం చేశారు? ఈ వసంతంలో లైబ్రరీకి కొత్త కమిటీ వచ్చింది. మన పుస్తకాలు వాళ్ళకి గిట్టవు. ఆ మాట పైకి అనేపాటి ధైర్యమూ లేదు. చివరి పేజీలు తిప్పి చూశారు. చేతిరాత ఉంటే అది పాడైన పుస్తకం, పాడైనదాన్ని పారెయ్యాలి, నిబంధన అన్నారు. విన్నారా? మీ అమ్మమ్మ పేరు మరక! మా నాన్న పేరు మరక! రాజొకడు చలిమంట ముందు కూర్చుని, ప్రవక్త మాటలు రాసిన పుస్తకపు చుట్టను కోసి కోసి నిప్పుల్లో వేశాడని లేఖనంలో చదివాం. ఆ రాజు నయం. ఎందుకు కాలుస్తున్నాడో దాచుకోలేదు.

వాళ్ళని తిట్టడం సులువు. ఆమెన్ అనడం ఇంకా సులువు. ఆగండి. ఇప్పుడు మన సంగతి.

ఊరివాళ్ళ మాట వింటామని కమిటీ ఒక గురువారం సాయంత్రం సభ పెట్టింది. అంతకుముందు ఆదివారం ఆరాధనలో ప్రకటనల వేళ వెర్లీన్ ఇక్కడే లేచి నిలబడింది. "నాతో రండి. మీరేమీ వాదించక్కర్లేదు. మీ వాళ్ళ పేరు ఒక్కటి చెప్పి కూర్చోండి, చాలు" అంది. ఆ వారమంతా పాస్టరుగారు ఈ సంఘానికి వచ్చిన వార్షికోత్సవం. గురువారం రాత్రి విందు మన వంతు, అందరికీ ఊదారంగు బట్టలు. ఆ కార్యక్రమం రాసింది ఎవరు? నేను. మైకు పట్టుకుని, "సిస్టర్ టాలివర్, ప్రకటనకి రెండే నిమిషాలు, మీ సమయం అయిపోయింది" అన్నది ఎవరు? నేనే. కొందరు నవ్వారు. ఎవరో చెప్పను. వాళ్ళకి తెలుసు.

గురువారం మనం చేపల వేపుడు తిన్నాం. మన కాపరిని ప్రవక్తలతో పోలుస్తూ మూడు ప్రసంగాలు చేశాం. పాస్టరుగారూ, క్షమించండి. క్షమించకపోయినా సరే. ఆవిడ ఒక్కతే వెళ్ళింది.

ఆవిడ చనిపోయాక నేను వెళ్ళి ఆ సభ రికార్డు అడిగి చదివాను. నలభై మూడు పేర్లు చెప్పిందట, కాగితం చూడకుండా, ఆపమనేదాకా. లెక్క రాశారు, పేర్లు రాయలేదు. ఈ పుస్తకాల తరఫున ఇంకెవరైనా మాట్లాడతారా అని అధ్యక్షుడు అడిగాడు. ఒక నిమిషం ఆగాడు. ఆ నిమిషమంతా ఆవిడ తలుపు వైపు తిరిగి నిలబడి ఉందని అక్కడి గుమాస్తా పిల్ల నాతో చెప్పింది. ఆ నిమిషానికి రికార్డులో ఉన్నది రెండే మాటలు: ఎవరూ లేరు.

పుస్తకాలు చెత్తబండి ఎక్కాయి. పదకొండో రోజున వెర్లీన్ వంటింట్లో కూలిపోయింది. గుండె అని డాక్టరు రాశాడు. నేను డాక్టర్ని కాను. ఆ పేర్లన్నీ నోటికి వచ్చిన మనిషి ఆవిడ ఒక్కతే. మనం ఎవరమూ వేరే కాగితం మీద రాసుకోలేదు.

లేవండి. అందరూ లేవండి. ఆవిడ ఆత్మశాంతికి అని నేను అడగను. ఆవిడ తన ప్రభువు దగ్గర ఉంది, అక్కడ మన సాయంతో పనిలేదు. ఆ గురువారం మనకోసం ఒక నిమిషం ఆగారు. అది ఎంత పొడుగో మనకు తెలియలేదు, తింటున్నాం. ఇప్పుడు తెలుసుకుందాం. తలలు వంచకండి. తలుపు వైపు తిరగండి. ఒక్క నిమిషం, ఎవరూ నోరు తెరవకండి.