కూత వినబడే వైపు

ధమ్తరి అడవిలో ఎండిపోయిన వాగు. రైళ్ళ సమ్మె జరుగుతున్న వేసవి. గార్డు మల్లేశ్వరరావు, ఫైర్‌మన్ నూకరాజు.

“కాలు కదపకు నూకరాజూ. కట్టు జారిపోతుంది.”

“కట్టు కాదు గార్డుగారూ, అది మీ తువ్వాలు. నీళ్ళు పడ్డాయా?”

“ఇసుక తవ్వుతున్నాను. కాస్త తడి తగిలింది.”

“పొద్దున్నుంచీ తడే తగులుతోంది.”

“ఇదిగో, జేబురుమాలు అద్ది తెచ్చాను. నోరు తెరువు, పిండుతాను.”

“మట్టి వాసన.”

“చల్లగా ఉంది కదా.”

“మీకు దేన్లోనైనా ఏదో ఒకటి బాగానే కనిపిస్తుంది. కాలేజీలో స్కౌటింగ్ చేశాను, అడవి నాకు కొత్త కాదన్నారు.”

“అన్నాను.”

“దక్షిణం ఇటేనన్నారు. నడిపించి నడిపించి మళ్ళీ అదే మద్దిచెట్టు దగ్గరికి తెచ్చారు.”

“మాకు నేర్పింది కాలేజీ మైదానంలో నూకరాజూ. నాలుగు జెండాలు పాతి, ఇదే అడవి అనుకోమనేవారు.”

“ఈ మాట రాయ్‌పూర్‌లో చెప్పుంటే పోలీసులకే దొరికిపోయేవాణ్ణి. జైల్లో కుండెడు నీళ్ళయినా ఉంటాయి.”

“పట్టుకుపోయి డ్యూటీ ఎక్కిస్తారనే కదా మీ బావ సత్తిరాజు మనల్నిటు పంపింది.”

“అడవిలో తన స్నేహితుడు పరదేశి గుడిసెకి పొమ్మన్నాడు, ఈ వాగులో కూచోమనలేదు. నిన్న మాపటికే చేరాల్సింది.”

“చేరలేదని పరదేశి ఈపాటికి మీ బావకి కబురు పెట్టే ఉంటాడు.”

“పెడితే? ఇంత జంగల్లో ఎక్కడని వెతుకుతాడు?”

“ఇవి తిను. తునికి పళ్ళు. ఉడతలు మనకో రెండు వదిలాయి.”

“మీరు తినండి.”

“నాకు ఆకల్లేదు. దారి తప్పితే ఏం చెయ్యమన్నాడు మీ బావ?”

“తిరగొద్దు, ఒకచోట కూచోండి, సాయంత్రం ధమ్తరి బండి కూతేస్తుంది, అటు నడిస్తే పట్టాలు తగులుతాయి అన్నాడు.”

“మరి అలాగే కూచుందాం.”

“కూచుందాం. గార్డుగారూ...”

“ఊఁ.”

“ఏ బండి?”

“ధమ్తరి...”

“ఆ బండికి గార్డు మీరు. ఫైర్‌మన్ని నేను. డ్రైవరు మా బావ. ముగ్గురం సమ్మెలో ఉన్నాం.”

“అవును.”

“చెప్పిన ఆయనకీ తట్టలేదు, తలూపిన మనకీ తట్టలేదు.”

“ఏళ్ళ తరబడి రోజూ కూసిన బండి. కూయదని ఎలా తడుతుంది?”

“నవ్వకండి. అక్కడ నా పెళ్ళాం బంగారమ్మకి నెలలు నిండాయి.”

“నవ్వడం లేదు. నా భుజమ్మీద వాలు. మా ఆవిడ తాయారమ్మ పోయిన రోజు నువ్వు నన్నిలాగే పట్టుకున్నావు.”

“బండి కదిలితే ఓడిపోతాం. కదలకపోతే ఇక్కడే పోతాం. ఏం కోరుకోవాలో కూడా తెలీటం లేదు.”

“ఏమీ కోరుకోకు. గాలి ఇటు తిరిగింది, చూడు. కాస్త హాయిగా ఉంది.”

“గార్డుగారూ.”

“విన్నాను.”

“కూత.”

“కూతే.”

“అయిపోయింది. ఎవడో ద్రోహి బండి తీశాడు.”

“ఆ గుట్ట అవతల. లే, నన్ను పట్టుకో.”

“ఆగండి. పొడుగ్గా లాగి, ఆఖర్న చిన్న తుంపు. అది మా బావ చెయ్యి.”

“కాదులే.”

“ఆయన పక్కన నిలబడి బొగ్గేసినవాణ్ణి, నాకు తెలీదా? ఇంజను మీద చెయ్యి వేయించి అందరిచేతా ఒట్టు పెట్టించాడు. ముందు వేసిన చెయ్యి ఆయనదే. నేను రాను. ఆ బండి ఎక్కను.”

“విను. ఇంకా కూస్తోంది.”

“కుయ్యనీండి.”

“అక్కడ గేటు లేదు. స్టేషను లేదు. ఆ లైను నాకు తెలుసు, కూత వెయ్యాల్సిన చోటు కాదది.”

“అయితే?”

“బండి నడవడం లేదు నూకరాజూ. నువ్వు లేవు, నేను లేను, ఒక్కడే బొగ్గేసుకుంటూ వచ్చి అక్కడ నిలబెట్టాడు. మనవాళ్ళంతా వింటారని తెలుసు. అయినా కూత ఆపడం లేదు.”

“ఎందుకు?”

“మనకి దారి తెలియాలని. లే నాయనా. సమ్మె విరిచింది మీ బావ కాదు, మనం.”