ఎడమదిక్కు ఎర్ర ఫైబర్

“అమ్మమ్మా, గీ బండి అంత నల్లగుండి ఎడమదిక్కు ఒక్కటే ఎర్రగున్నదేంది?”

గది అడుగకు బిడ్డా, నాకు ఇప్పటికి కడుపు మండుతది. సరే, కూసో, చెప్త. గీ రేసు బండి మీ మామ మస్కట్ పోకముందు కొనుక్కున్నడు. గప్పుడు అంత ఎర్రగనే ఉండె. యేములాడ గుడిల పూజ చేపిచ్చుకొని వస్తనే పడ్డడు సూడు, తొలిరోజే. ముందటి ఫైబర్ డొప్ప పలిగింది. మీ తాత “ఫైబరే గదా పలిగింది” అని కొత్తది ఏపిచ్చిండు. కొడుకంటే గంత పానం. మా పెండ్లైన కొత్తల గంటకు చారాణ ఇచ్చి సైకిల్ కిరాయికి తెచ్చేటోడు, నన్ను ఎనుక కూసోపెట్టుకునేటోడు. నేను తొక్కుత అంటే మాత్రం... ఆఁ, ఏం చెప్తున్న? బండి.

మామ మస్కట్ పోయినంక బండి ఊకెనే ఉన్నది గదా అని మీ అమ్మ నేర్చుకున్నది. జగిత్యాల దవాఖానల నర్సు నౌకరి, పొద్దుగాల డ్యూటీ. గా యాల్లకు కోరుట్లల బస్సు ఏడుంటది? ఒకనాడు మేకపిల్ల అడ్డమొస్తే తిప్పి, ఎడమదిక్కు పడ్డది. మోచెయ్యి గీక్కపోయింది, ఫైబర్ తునుకలైంది. గట్లనే డ్యూటీకి పోయింది బిడ్డా, గట్లనే.

మామ సెలవుల మీద అచ్చిండు. బండ్లు బాగుచేసే షెడ్డుల ఖాదర్ భాయ్ ఏమన్నడంటే, బండి పాతగైంది, గా ఒక్క ముక్క దొరకది, సెట్టు మొత్తం మార్చాలె అన్నడు. మార్పిచ్చిండు, అంత నల్లది. మార్చుకో, వద్దన్నమా? గని గంతమంది ముందట “ఆడోళ్ల చేతికిస్తే గిట్లనే అయితది” అన్నడు. తాళంచెయ్యి పెండ్లాం బీరువల పెట్టిచ్చి పోయిండు. తోడబుట్టినదాని నౌకరి ఏమైతదన్న సోయి లేదు.

కోపమంటే కోపం గాదు నాకు. కోడలు కాడ తాళం గుంజుకున్న. షెడ్డుకు పోయి, తుక్కుల పడేసిన ఎర్ర తునుకలు ఏరిచ్చిన. ఎడమదిక్కు నల్లది ఇప్పి, ఇవి తీగెతోని కుట్టి బిగియ్యి అన్న. “కొత్తది మంచిగున్నది గదమ్మా” అన్నడు ఖాదర్ భాయ్. ఉండనియ్యి, నువ్వు బిగియ్యి అన్న. పడ్డది, మళ్ల ఎక్కింది అని ఊరంత సూడాలె.

మామ వీడియో కాల్ల సూసి ఒర్రిండు. నేను ఒక్కటే అన్న, “నువ్వు పడితే ఫైబర్ పలిగింది అన్నరు. అది పడితే ఆడిది అంటివి. ఇగ తాళం మాట ఎత్తకు.”

ఇగో, గీ తాళం నువ్వు పట్టు. నువ్వు గూడ నేర్చుకో. పడుతవ్, పడితే ఏంది? కుట్టెతందుకు ఖాదర్ భాయ్ ఉన్నడు. సల్లగుండు బిడ్డా. ఆఁ, ఎక్కుడు మాత్రం గా ఎర్ర దిక్కు నుంచే...