గజ్జెల గౌరీసు తాగిన అంబలి

గౌరీసు పరుగుకే పుట్టినవాడంట. గాలికి పినతండ్రి కొడుకనుకో. ఏటికి ఎగువన, కొండ మొదట్లో వాడి ఊరు. వాడి చెల్లెలు తవిటమ్మను పది క్రోసుల దిగువకు ఇచ్చినారు. ఆ దిగువవాళ్ళు వేసవి రాగానే ఎండిన ఏటి ఇసకలో పుచ్చపాదులూ దోసపాదులూ పెట్టుకుని, అక్కడే పాకలు వేసుకుని, పిల్లాజెల్లాతో కాపురముండేవాళ్ళంట. నలభై గడపలు. వాళ్ళ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉంటది, ఎక్కడో కొండమీద కుంభవృష్టి కురుస్తది, ఏరు దిగువకు దూకుతది. ఇసకలో ఉన్నవాళ్ళకు తెలిసేదెట్లా? అందుకని ఎగువనుంచి ఒక మనిషి నడుముకు గజ్జెలు కట్టి, గట్టు వెంబడి పరుగెత్తి పోయి, ఏరొస్తంది లేవండని చెప్పాలి. చేతులు మారితే మాట మారిపోతదని, ఒకే మనిషి, ఒకే నోరు. ఏటితల్లికి మొక్కి బయలుదేరినవాడు కబురు చేరేదాకా గుక్కెడు నీళ్ళైనా ముట్టరాదు. దారిలో వాణ్ణి ఎవరూ ఆపరాదు, తాకరాదు. పూర్వులు పెట్టిన కట్టడి అది. గజ్జెల సవ్వడి వినబడితే చాలు, ఊరికి ఊరు పక్కకు తొలగి చేతులు జోడించేదంట. అంత మర్యాద!

ఏమైందంటే, వైశాఖంలో ఒకనాడు పొద్దుపొడుపు వేళకే కొండమీద మబ్బు కాటుక పులిమినట్టు కమ్ముకుంది. ఆ ఏడు వంతు గౌరీసుది. చెల్లెలు మూడు నెలల పసిగుడ్డుతో ఇసకలో ఉందాయె, వాడికి కాళ్ళు నిలుస్తాయా? గజ్జెలు బిగించి మొదటి క్రోసునుంచే ఒళ్ళు తెలియని పరుగు. ఒక ఊరు దాటినాడు, దణ్ణం పెట్టినారు. ఇంకో ఊరు దాటినాడు, దణ్ణం పెట్టినారు. పెదవులు పగిలి నెత్తురు కారతా ఉంటే చూసి మరీ వంగి దణ్ణం పెట్టినారు. ఎనిమిది క్రోసులు అట్లా పోయినాడు. ఆ తరవాత, వింటున్నారా, చెప్పాపెట్టకుండా ఒంట్లో దీపం కొండెక్కినట్టైపోయిందంట. నొప్పి కాదు, రోగం కాదు. మోకాళ్ళు తడిగుడ్డల్లా జారిపోయినాయి. మండుటెండలో చలిచెమట పోసింది. గట్టు రెండు గట్లై కనబడింది. పద పద అని మనసు అరుస్తంది, కాలు వినదే! ఇందాకటిదాకా తనవైన కాళ్ళు ఎవరివో పరాయివాళ్ళవైనట్టు, నాలుగడుగులు తూలి, బోర్లా పడినాడు.

పక్క ఊరివాళ్ళు చూసినారంట. చూసి, పది బారల దూరంలో నిలబడి చేతులు జోడించినారు. ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఊరిపెద్ద అసిరినాయుడు, ఏటమ్మ పరీక్ష పెడతంది బాబూ, మొక్కండి, బాగా మొక్కండి అన్నాడు. అందరూ బాగా మొక్కినారు. గౌరీసు మట్టిలో మొహం పెట్టి అట్లానే ఉన్నాడు.

అప్పుడొచ్చిందంట పోలేరమ్మ. నెల్లూరు దిక్కునుంచి ఆరువందల బాతుల్ని తోలుకుంటా, కోసిన మళ్ళల్లో మేపుకుంటా వచ్చిన మనిషి. కట్టడీ తెలియదు, గజ్జెలూ తెలియవు. "ఏందబ్బా ఇది? మనిషి పడిపోతే దణ్ణాలు పెడతుండారే!" అంది. అసిరినాయుడు గాబరా పడి, "ముట్టుకోకమ్మా, గజ్జెల మనిషి" అన్నాడు. "గజ్జెలు కడితే ఆకలి గాదా? నా బాతుక్కూడా కట్టి చూస్తా ఉండు" అని, వాణ్ణి వెల్లకిలా తిప్పి, భుజాన ఉన్న సొరబుర్ర తీసింది. అందులో ఉప్పేసి కలిపిన చోడి అంబలి, అదే రాగి అంబలి. గౌరీసు పళ్ళు బిగించినాడు. "నాను తాగనమ్మా. ఏటమ్మకు మాటిచ్చినాను." ఆమె వంగి అడిగిందంట, "ఏమని ఇచ్చినావబ్బా? తాగననా, కబురు చేరుస్తాననా?" గౌరీసు ఆలోచించినాడు. ఆలోచించడానిక్కూడా ఓపిక లేదు పాపం. చేరుస్తాననే గదా ఇచ్చింది! నోరు తెరిచినాడు.

రెండు గుక్కలు పోసి బుర్ర వెనక్కి లాక్కుందంట. "గటగటా తాగితే కడుపులో పట్టేస్తది. లెయ్." నన్ను కాసేపు కూర్చోనీ అన్నాడు. "కూర్చుంటే మళ్ళీ లేవవు. బాతు చతికిలబడితే మేం కొట్టం, తరమం. నాలుగు గింజలు చూపించి మెల్లంగా నడిపిస్తాం. నీకు నా బాతంత తెలివన్నా లేదే!" అని, చంకలో చెయ్యేసి లేపింది. "ఆ తాడిచెట్టు దాకా నడువు. పరుగు మాటెత్తమాక." నడిచినాడు. రెండు గుక్కలు. అవతలి తాడిచెట్టు దాకా నడిచినాడు. ఇంకో రెండు. వాడికి ఏడుపొచ్చి, "ఏరొచ్చేస్తంది, నీ బాతులు వెనక ఉండిపోయినాయి తల్లీ" అంటే, "వాటికేం, తేలతాయి. మునిగేది మీవాళ్ళే. ఊపిరి ముక్కుతో పీల్చు" అంది. అయిదో చెట్టు కాడికి గట్టు ఒకటే గట్టై కనబడిందంట. ఏడో చెట్టు కాడ కాళ్ళు తనవైనాయి. అప్పుడు వదిలింది. "ఇంక పో. అలుపొస్తే నడువు, తీరితే పరుగెత్తు. రోషానికి పోమాక."

పొద్దు వాలే వేళకు గౌరీసు ఇసకలో దిగి కేకేసినాడంట, "ఏరొస్తంది, లేవండి!" అని. తవిటమ్మ పసిగుడ్డును గుండెకు అదుముకుని గట్టెక్కింది, ముసలివాళ్ళను భుజాల మీద ఎక్కించినారు. ఆఖరి మనిషి కాలు గట్టుమీద పెట్టీపెట్టగానే ఎర్రటి నీళ్ళు పాకల్నీ పాదుల్నీ చుట్టుకుపోయినాయి. నలభై గడపల్లో ఒక్క ప్రాణం తగ్గలేదు. మర్నాడు తవిటమ్మ బిడ్డనెత్తుకుని రెండు క్రోసులు నడిచి పోయి, పోలేరమ్మ కాళ్ళ దగ్గర పడుకోబెట్టిందంట. "మా అన్న కాళ్ళకు ప్రాణం పోసినావు తల్లీ, మా అందరి ప్రాణం వాడి కాళ్ళల్లోనే ఉండె." పోలేరమ్మ సిగ్గుపడి, "ఎత్తుకోమ్మా బిడ్డని, బాతులు తొక్కుతాయి" అందంట. అసిరినాయుడు మాత్రం తలెత్తలేదు. మేమింతమందిమి ఉండి దణ్ణమే పెట్టినాం గదమ్మా అన్నాడంట, అంతే.

ఆ ఏడాదినుంచి గట్టు మీద ప్రతి ఊళ్ళోనూ అంబలికుండ నిలిచింది. ఇప్పుడు గజ్జెలు లేవు, ఫోన్లొచ్చినాయి. అయినా మా ఆడవాళ్ళు పరుగెత్తే మనిషిని ఊరికే పోనియ్యరు బాబూ. మొన్న ఎవరో ఆఫీసరు బస్సు కోసం ఉరుకుతుంటే పట్టుకుని, చెంబెడు తాగించి గానీ వదల్లేదు. బస్సు పోయింది. ఆయన నోటికొచ్చినట్టు తిట్టినాడు. తిట్టనీ. బస్సు మళ్ళీ వస్తది. ఒకసారి దణ్ణాలతో మనిషిని పోగొట్టుకోబోయినవాళ్ళం, మా భయం మాది.