ఒక్క పేరు

భోజనాల బెల్లు ఇంకా కొట్టలేదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో, గుడ్డ తానులు పేర్చిన గదిలో, లైను సూపర్‌వైజరు కాలర్లు కుట్టే అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“నీళ్లు నమలకు. ఒక్క పేరు చెప్పు చాలు.”

“నాకేం తెలుసక్కా? ఎవరు రాశారో నేనేమైనా చూశానా?”

“సంతకం లేని ఆ ఉత్తరం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు చేతికి చేరింది. ఆయన తిన్నగా మన మేనేజరుకే ఫోన్ చేసి చదివి వినిపించాడు. వెనక తలుపుకి తాళం వేస్తారని, పొగ లేచిన రోజు కూడా తియ్యలేదని, అన్నీ ఉన్నాయట.”

“అందులో అబద్ధం ఏముంది?”

“అబద్ధమో నిజమో నిన్నడిగానా?”

“తాళంచెవి జేబులో వేసుకుని మేనేజరు బయటికి పోయాడు. మనమంతా తలుపు బాదాం. నువ్వూ బాదావు కదక్కా, నా పక్కనే నిలబడి—”

“బాదాను. అయిపోయింది. ఇప్పుడు పేరు.”

“గుడ్డ ఎవరో ఎత్తుకుపోతారని మనుషుల్ని లోపల పెట్టి తాళం వేసేవాణ్ణి ఎక్కడైనా—”

“మెల్లగా! గోడ అవతలే ఉన్నాడు. బెల్లు లోపు పేరు ఇవ్వకపోతే కాలర్ల లైను మొత్తం తీసేస్తానన్నాడు.”

“తియ్యడులే. తీస్తే ఆర్డరు ఎవరు కుడతారు?”

“పోయినేడు జేబుల లైను తీసినప్పుడు ఎవరు కుట్టారు? ఎవరూ కుట్టలేదు. ఆర్డరు పోయింది. అయినా తీశాడు. ఆయన ముందూ వెనకా చూస్తేగా!”

“అయితే నన్నేం చెయ్యమంటావు?”

“ఆయన నోట మొదట వచ్చింది నీ పేరే.”

“నా పేరా! నేనేం చేశాను?”

“ఆ రోజు అందరికంటే గట్టిగా అరిచింది నువ్వే. నేనే అడ్డుపడ్డాను. పిల్లతల్లి, దాని జోలికి పోకండి అన్నాను.”

“అమ్మతోడు, నేను రాయలేదక్కా.”

“తెలుసే. అందుకేగా పిలిచింది. ఇంకెవరికి కడుపుమంట ఉంటుందో ఆలోచించు. ఆ తొక్కిసలాటలో దెబ్బ ఎవరికి తగిలింది?”

“గుండీల పిన్నికి. చెయ్యి విరిగింది.”

“కదా.”

“అక్కా, వద్దు! నేను కడుపుతో ఉన్నప్పుడు నా పనిలో సగం పిన్నే—”

“చెప్పింది నువ్వు. నేను కాదు.”

“దెబ్బ తగిలిందన్నాను. రాసిందనలేదు! ఆవిడకి తన పేరు రాయడం కూడా రాదు. హాజరు పుస్తకంలో వేలిముద్రే కదా వేస్తుంది!”

“ఎవరితోనో రాయించింది.”

“ఎవరితో?”

“ఆయన అంత లోతుకి పోడు.”

“చేతికి కట్టుతో ఇంట్లో పడి ఉంది పాపం...”

“మంచిదేగా. వచ్చి ఎదురు చెప్పదు. ఆ చేత్తో ఇక గుండీ ఎలాగూ కుట్టలేదు. పోయే ఉద్యోగమే పోతుంది. నీది అలా కాదు.”

“పాపాన పోతాం అక్కా.”

“పాపాన పోతావో, ఇంటికి పోతావో నువ్వే తేల్చుకో. ఇదిగో కాగితం, రాసి ఉంచాను.”

“ఈ కాగితంలో ఏం రాశావు?”

“‘గుండీలు కుట్టే ఆవిడే రాయించిందని ఆవిడ నోటే విన్నాను’ అని. కింద నీ సంతకం.”

“నువ్వూ పెట్టు మరి.”

“నేనెందుకు? విన్నది నువ్వు.”

“ఇటివ్వు పెన్ను.”

“ఇక్కడ. తేదీ కూడా వెయ్యి. ఆ, అయిపోయింది. ఏడవకు, కళ్లు తుడుచుకో.”

“రాసినవాళ్లకి మనసనేది ఉంటే ఈపాటికి లేచి ‘నేనే’ అనేవాళ్లు. పిన్నిని ముంచేసి ఎక్కడ దాక్కున్నారో!”

“ఎక్కడా దాక్కోలేదే. నీ ఎదురుగానే కూర్చున్నాను.”